సొంత లారీ, కంపెనీ లోడు: నాలుగేళ్ల లెక్క

పదకొండేళ్లు ఒకరి లారీ నడిపాక 2021 ఫిబ్రవరిలో సొంత బండి కొన్నాను. 2019 మోడల్, పది టైర్లు, సెకండ్ హ్యాండ్. ఆ నెల నుంచే దాన్ని విజయవాడలోని ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీకి అటాచ్ చేసి, అంటే బండి నాది, లోడు వాళ్లది అన్న ఒప్పందం మీద, నడుపుతున్నాను. కంపెనీ పేరు రాయను. మంచి రాస్తే డబ్బు తీసుకుని రాశాడంటారు, చెడు రాస్తే వాళ్లు లోడు ఆపుతారు. నా బండిలాంటి బండ్లు వాళ్ల దగ్గర చాలానే తిరుగుతున్నాయి. అందరి గోడూ ఇంచుమించు ఒకటే.

బండి కొనడం గురించి ఎక్కువ చెప్పను. ఆటోనగర్‌లో తెలిసిన మిస్త్రీని వెంట తీసుకెళ్లి ఛాసిస్ కింద పడుకోబెట్టి చూపించాను. ఇంజిన్ బాగుందన్నాడు, బాడీ అడుగు చెక్కలు మార్చాలన్నాడు. రెండూ నిజమే అయ్యాయి. ఫైనాన్స్‌లో 48 కిస్తీలు, నెలకు 39,500. ఒక్క తప్పు చేశాను. పాత ఓనరు ఫాస్టాగ్ అద్దం మీద ఉంది కదా అని అలాగే బయలుదేరాను. ఫాస్టాగ్ తప్పనిసరి చేసింది సరిగ్గా ఆ నెలలోనే. ఆయన ఖాతాలో డబ్బు లేదు. కాజ టోల్ దగ్గర రెట్టింపు కట్టాను, వెనుక బండ్ల హారన్లు ఉచితం.

అసలు విషయానికి వస్తాను. కంపెనీకి అటాచ్ కాబోయే ప్రతివాడూ ముందు అడిగేది టన్నుకు ఎంత ఇస్తారని. నేనూ అదే అడిగాను. మేనేజరు చెప్పిన రేటు బ్రోకర్లు ఇచ్చేదానికంటే కొంచెం తక్కువే. అయితే కమిషన్ లేదు, తిరుగు లోడు వాళ్లే చూస్తారు, నెలంతా పని ఉంటుంది. లెక్క వేసుకుంటే లాభంగానే కనిపించింది. అగ్రిమెంటు మీద సంతకం పెట్టాను. అన్‌లోడింగ్ దగ్గర ఎన్ని రోజులు ఆగాలి, బ్యాలెన్స్, అంటే అడ్వాన్స్ పోగా మిగిలిన కిరాయి, ఎన్నాళ్లకు ఇస్తారు అన్నవి నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. ఈ నాలుగేళ్లలో నా డబ్బు పోయింది ఆ రెండు చోట్లే.

విజయవాడ నుంచి చెన్నైకి సుమారు 450 కిలోమీటర్లు. లోడింగ్, అన్‌లోడింగ్, తిరుగు లోడు కలిపి నాలుగు రోజుల్లో ఒక ట్రిప్పు అనుకుంటే నెలకు ఏడు. మా ఆవిడ ఒక రూళ్ల పుస్తకంలో బండి బయలుదేరిన తేదీ, చేరిన తేదీ, ఖాళీ అయిన తేదీ రాసి పెడుతుంది. తొలి ఏడాది అయిదు ట్రిప్పులు దాటిన నెలలు మూడే మూడు. రోడ్డు మీద నేనెప్పుడూ ఆలస్యం చేయలేదు. పోయిన రోజులన్నీ గోడౌన్ల గేట్ల ముందే పోయాయి.

ఒకసారి చెన్నై శివార్లలో రెడ్‌హిల్స్ దగ్గర ఒక గోడౌన్‌కు బియ్యం తీసుకెళ్లాను. తెల్లవారుజామున నాలుగింటికే చేరాను. మా మేనమామ కొడుకు నాతో క్లీనర్‌గా వస్తాడు. గేటు దాకా నడిచి వెళ్లి వచ్చి, "బావా, మన ముందు ఇంకా పదకొండు బండ్లు ఉన్నాయి" అన్నాడు. ఆ రోజు మూడు బండ్లు ఖాళీ చేశారు. మర్నాడు హమాలీలకు, గోడౌన్ వాళ్లకు కూలి దగ్గర పేచీ వచ్చి ఒక్క బండీ కదలలేదు. మూడో రోజు ఆదివారం. నాలుగో రోజు సాయంత్రం మా వంతు వచ్చింది. హాల్టింగ్, అంటే బండి ఆగిపోయిన రోజులకు ఇచ్చే డబ్బు, అడిగితే కంపెనీ గుమాస్తా ఫోనులో నెమ్మదిగానే మాట్లాడాడు. "అన్నా, నువ్వు నాలుగింటికి చేరినట్టు కాగితం ఏదైనా ఉందా?"

లేదు. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా ముందు గేటు దగ్గర సెక్యూరిటీ అతని చేత ఎల్ఆర్ (లోడుకు ఇచ్చే లారీ రసీదు) కాపీ వెనుక వచ్చిన సమయం రాయించి సంతకం పెట్టించుకుంటాను. కొందరు పెట్టరు. అప్పుడు గోడౌన్ బోర్డు, బండి నంబరు రెండూ కనిపించేలా ఫోటో తీసి అక్కడి నుంచే ఆఫీసుకు పంపుతాను. ఇలా చేశాక హాల్టింగ్ మూడు సార్లు వచ్చింది. నేను అడిగినవి ఇరవైకి పైనే.

బ్యాలెన్స్ కథ వేరు. అడ్వాన్స్ బయలుదేరేటప్పుడే ఇస్తారు, అందులో డీజిల్ భాగం కార్డులో వేస్తారు. మిగిలింది సరుకు అందినట్టు సంతకం చేసిన కాపీ ఆఫీసుకు చేరాక ముప్పై రోజులకని అగ్రిమెంటులో ఉంది. వాళ్లు ఆ ముప్పై రోజులు లెక్కపెట్టేది నేను కాపీ ఇచ్చిన రోజు నుంచి కాదు, వాళ్ల కంప్యూటర్‌లో ఎక్కించిన రోజు నుంచి. ఈ రెంటికీ మధ్య నా కాపీ ఒకసారి పద్దెనిమిది రోజులు సొరుగులో నిద్రపోయింది. కిస్తీ తేదీకి మాత్రం సొరుగు ఉండదు. ఇప్పుడు కాపీ ఇచ్చిన వెంటనే జిరాక్సు మీద ముద్ర, తేదీ వేయించుకునే దాకా కౌంటరు దగ్గరి నుంచి కదలను. ఆఫీసులో నాకు మొండివాడని పేరు.

కిరాయిలో కోతల సంగతి కూడా చెప్పాలి. బియ్యంలో రెండు బస్తాలు తగ్గాయని ఒకసారి పట్టుకున్నారు. లోడింగ్ దగ్గర నేను లెక్కపెట్టుకోలేదు, తప్పు నాదే. కానీ కోసింది బిల్లు ధర కాదు, దుకాణంలో చిల్లరగా అమ్మే ధర. అడిగితే పద్ధతి అదేనన్నారు. అలాంటి పద్ధతి అగ్రిమెంటులో ఎక్కడా రాసి లేదు.

ఇక మిర్చి. గుంటూరు యార్డుకు కొత్త కాయ వచ్చే జనవరి నుంచి వేసవి దాకా లారీలకు గిరాకీ. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎక్కుతుంటే ఘాటుకు గొంతు పట్టేస్తుంది, కళ్లు మండుతాయి, ముఖానికి తువ్వాలు చుట్టుకున్నా లాభం ఉండదు. అదంతా అలవాటే. నేను దెబ్బతిన్నది తూకం దగ్గర. నా బండి మొత్తం బరువు 28.5 టన్నులు దాటకూడదు. బండి సొంత బరువు పోగా సిమెంటయితే పద్దెనిమిది టన్నులు, అంటే 360 బస్తాలు ఎక్కుతాయి, అయినా బాడీలో పైన ఖాళీ మిగులుతుంది. ఎండు మిర్చి అలా కాదు. టిక్కీ నలభై కిలోలకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది కానీ చోటు ఎక్కువ తింటుంది. పది, పదకొండు టన్నులకే బండి నిండి పైన కప్పే పట్టా ఉబ్బుతుంది. కంపెనీ నాకిచ్చేది టన్నుకు ఇంత అని. రోడ్డు అదే, టోల్ అదే, డీజిల్ కొంచెమే తగ్గుతుంది, కిరాయి మాత్రం దాదాపు సగం. బయట బ్రోకర్లు మిర్చికి బండి మొత్తానికి ఒక రేటు మాట్లాడతారు. ఇది తెలుసుకోవడానికి నాకు ఒక సీజను పట్టింది.

డీజిల్ కార్డు మంచిదే, చేతిలో డబ్బు లేకపోయినా బండి కదులుతుంది. కానీ కార్డు పనిచేసే బంకులు ఎక్కువగా మన రాష్ట్రంలోనే ఉన్నాయి. తమిళనాడులో లీటరుకు మూడు నాలుగు రూపాయలైనా తక్కువ. లోడు బండి లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే రానూపోనూ 225 లీటర్లు. అందులో సగమైనా అక్కడ కొట్టిస్తే ట్రిప్పుకు మూడు నాలుగు వందలు మిగులుతాయి. చిన్న మొత్తమే, కానీ ఏడాదికి ఒక టైరు ఖర్చులో కొంత వచ్చినట్టే.

ఇంతా తిట్టాక మంచి కూడా చెప్పాలి. తిరుగు లోడు విషయంలో మాట నిలబెట్టుకున్నారు. నాలుగేళ్లలో చెన్నై నుంచి ఖాళీగా వచ్చింది రెండుసార్లే. ఒకరి కింద ఉన్నప్పుడు చెన్నైలోని మాధవరం దగ్గర లోడు కోసం వారాలు పడిగాపులు కాసినవాణ్ణి, ఆ విలువ నాకు తెలుసు. ఇంకోటి, కావలి దాటాక రాత్రి పదకొండింటికి క్లచ్ ప్లేట్ కాలిపోయింది. సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ కాగితం ఈ-వే బిల్లుకు గడువు రోజుకు 200 కిలోమీటర్ల లెక్కన ఇస్తారు, గడువు ముగిస్తే బండి పట్టుకుంటారు. రిపేరు అయ్యేసరికి మూడో రోజు రాత్రి అయింది, గడువు ఆ అర్ధరాత్రితో ఆఖరు. ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎవరో ఒక కుర్రాడు ఎత్తాడు. నేను బండి నంబరు చెప్పి, పక్కన టీ తాగి వచ్చేసరికి గడువు పొడిగించి కాగితం ఫోనుకు పంపాడు. బ్రోకరు లోడయితే ఆ వేళలో ఎవరు పలుకుతారు?

పన్ను సంగతి కూడా నేను ఆలస్యంగానే నేర్చుకున్నాను. తొలి ఏడాది నా కిరాయిలో ఒక శాతం టీడీఎస్, అంటే ముందుగానే కోసే ఆదాయపు పన్ను, పట్టుకున్నారు. పది లారీలకు మించి లేనివాళ్లు పాన్ నంబరుతో డిక్లరేషన్ ఇస్తే పట్టుకోరని చెప్పింది మా ఆడిటరు. కంపెనీ వాళ్లు నోరు విప్పలేదు. రిటర్న్ వేసి ఆ డబ్బు వెనక్కి తెచ్చుకున్నాను. లెక్కల పుస్తకాలు చూపించే బాధ లేకుండా భారీ వాహనానికి మొత్తం బరువులో టన్నుకు నెలకు 1,000 రూపాయల చొప్పున ఆదాయం చూపించే పద్ధతి ఒకటి ఉంది. నా బండికి నెలకు 28,500 అవుతుంది. అంత మిగలని నెలలు మా ఆవిడ పుస్తకంలో ఉన్నాయి, అది వేరే సంగతి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సుకు 2022 నుంచి పన్ను కాక 43,950, నేషనల్ పర్మిట్‌కు ఏడాదికి 16,500. వీటికోసం నెలనెలా విడిగా తీసి పెట్టకపోతే రెండూ ఒకే నెలలో వచ్చి మీద పడతాయి.

కంపెనీకి అయిదుకు మూడు మార్కులు ఇస్తాను. లోడు ఇప్పించడంలో నాలుగున్నర, డబ్బు ఇవ్వడంలో ఒకటిన్నర అనుకోండి. కిస్తీలు అయిపోయాయి, ఇప్పుడు నేను కొంచెం గొంతు పెంచి మాట్లాడగలను. ఈసారి అగ్రిమెంటు కొత్తగా రాసేటప్పుడు మిర్చికి టన్ను లెక్క కొట్టేసి బండి మొత్తానికి రేటు రాయమన్నాను. మేనేజరు గారు కాసేపు క్యాలిక్యులేటర్ నొక్కి రాసిచ్చారు. ముప్పై రోజులు కాపీ మీద ముద్ర పడిన తేదీ నుంచి అని కూడా రాయించాను. హాల్టింగ్ దగ్గరికి వచ్చేసరికి పెన్ను మూసి జేబులో పెట్టుకున్నారు. "చూద్దాంలేవయ్యా" అన్నారు. 2021లో సంతకం అయ్యాక అడిగినప్పుడూ అదే మాట అన్నారు.