12 వోల్టుల 30 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్: షెడ్డు బల్ల మీద ఎంతవరకు పనికొస్తుంది?

రాయగడలోనో గుణుపురంలోనో బండ్ల ఎలక్ట్రికల్ షెడ్డు నడిపేవాళ్లు కొత్త ఫ్యాన్ మోటారు కోసం విజయనగరం రైలెక్కే ముందు, పాతది నిజంగా పోయిందో లేదో తేల్చుకోవాలి. అందుకు ఎక్కువగా కొనేది ఎస్‌ఎంపీఎస్, అంటే 230 వోల్టుల ఇంటి కరెంటును 12 వోల్టుల డీసీగా మార్చే, ఎల్‌ఈడీ బోర్డులకు వాడే చిల్లుల రేకు డబ్బా. హారన్లు, లైట్లు, వైపర్ మోటార్లు, పవర్ విండోల వరకు డబ్బుకు తగ్గ సరుకే.

ప్లగ్గు పెట్టే ముందు పక్కనున్న చిన్న స్విచ్ చూడండి. అది 110 మీద ఉండగా మన 230 ఇస్తే లోపలి కెపాసిటర్లు పేలతాయి. తర్వాత టెర్మినళ్ల పక్కనున్న స్క్రూను మెల్లగా తిప్పి, మల్టీమీటర్‌లో 13.8 దగ్గరికి తేవాలి. ఇంజను నడుస్తుంటే బండిలో ఉండేది ఇంచుమించు అంతే. 230 వచ్చే టెర్మినళ్లకు మూత తప్పనిసరి, ఎర్తు కూడా.

చిక్కంతా రేడియేటర్ ఫ్యాన్‌తోనే. తిరుగుతున్నప్పుడు 10 ఆంపియర్ల చిల్లరే లాగే మోటారు, కదిలే క్షణంలో దానికి కొన్ని రెట్లు లాగుతుంది. ఎస్‌ఎంపీఎస్ తట్టుకోలేక కట్ అవుతుంది, మళ్లీ వస్తుంది, మళ్లీ కట్. రెక్క ఒక్క కుదుపు కుదిపి ఆగితే మోటారు జామ్ అయిందనుకుంటాం. బాగున్న మోటార్లు ఇలాగే పాత సామానులోకి పోతాయి! అనుమానం వస్తే అదే మోటారును బ్యాటరీ మీద పెట్టి చూడాలి.

వైరు కూడా మోసం చేస్తుంది. రెండు మీటర్ల దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే, రానూపోనూ కలిపి 10 ఆంపియర్ల దగ్గర అర వోల్టు పోతుంది. 4 చదరపు మిల్లీమీటర్లది వేయండి.

ఇంజనును స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారుకు ఈ డబ్బా అసలు వద్దు. లోడు లేకుండానే 50 నుంచి 90 ఆంపియర్లు లాగుతుంది. వైస్‌లో బిగించి, బ్యాటరీ నుంచి జంపర్ కేబుళ్లతోనే తిప్పాలి. ఆఖరి క్లిప్పు మోటారు దగ్గర తగిలించండి, బ్యాటరీ మీద నిప్పురవ్వ పడకూడదు. మిగతా పరీక్షలకు బ్యాటరీ ప్లస్ పక్కనే 30 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి.

మీటర్ బోర్డులు, ఈసీఎంలు (ఇంజనును నడిపే కంప్యూటర్ డబ్బాలు) ముట్టుకునేవాళ్లకు 30 వోల్టులు, 5 ఆంపియర్ల ల్యాబ్ సప్లై వేరే ఉండాలి. కరెంటును అర ఆంపియరుకు కట్టడి చేసి మొదలుపెట్టొచ్చు. అంత ఖర్చు వద్దనుకుంటే ప్లస్ వైరులో వరసగా 21 వాట్ల ఇండికేటర్ బల్బు పెట్టండి. షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, రెండు ఆంపియర్లు దాటదు. పాత ట్రాన్స్‌ఫార్మర్ చార్జరును నేరుగా వాడితే మాత్రం, దాని కరెంటు ఎగుడుదిగుడుగా వస్తుంది కాబట్టి, రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు) గిలగిలా కొట్టుకుంటాయి.