మోడల్ ట్యాంకుకి మట్టి పట్టించాలంటే ఆయిల్ కలర్సే: ఆరేళ్లు వాడాక చెబుతున్నా

ఉండేది విజయవాడ, ప్లాస్టిక్ యుద్ధ ట్యాంకుల మోడళ్లు చేసి రంగులు వేసుకునేది మేడమీది రేకుల గదిలో. ఏప్రిల్ దాటాక అక్కడ యాక్రిలిక్ రంగు కుంచె మీదే గట్టిపడిపోతుంది, ఫ్యాన్ వేస్తే ఇంకా త్వరగా. బేస్ కోటుకి, అంటే అడుగున వేసే మొదటి రంగుకి, పర్వాలేదు. కానీ వెదరింగ్, అంటే తుప్పు, దుమ్ము, గ్రీజు మరకలు వేసే పని, నిదానంగా చేస్తేనే కుదురుతుంది. అందుకని ఆరేళ్ల కిందట బొమ్మలు వేసేవాళ్ల మామూలు ఆయిల్ ట్యూబులు ఆరు కొన్నాను. బర్న్ట్ అంబర్, రా అంబర్ అనే రెండు గోధుమ రంగులు, ఎర్రమట్టి రంగు బర్న్ట్ సియెన్నా, పసుపుమట్టి రంగు ఎల్లో ఓకర్, తెలుపు, నలుపు. బర్న్ట్ అంబర్ ఒక్కటే అయిపోయి మళ్లీ కొన్నాను, మిగతావి ఇప్పటికీ అవే.

ట్యూబులోంచి తీసి నేరుగా పూయకండి. అట్టముక్క మీద పిండి అరగంట వదిలేస్తే రంగులోని అవిసె నూనె అట్టలోకి ఇంకుతుంది, లేదంటే మట్టి మరక నెయ్యి రాసినట్టు మెరుస్తుంది. తర్వాత వాసన లేని థిన్నర్‌లో బాగా పలచన చేసి, మెరుపునిచ్చే గ్లాసీ వార్నిష్ కొట్టిన మోడల్ మీద రివెట్ పక్కన సన్నటి కుంచెతో ముట్టిస్తే చాలు, రంగు దానంతటదే సందుల వెంట పారుతుంది. ఎక్కువైందా, గంట తర్వాతైనా తుడిచేయొచ్చు. నాకు దీనిలో బాగా నచ్చింది ఇదే.

1971 యుద్ధంలోని మన టీ-55 ట్యాంకు చేసినప్పుడు, చూడ్డానికి అలాగే ఉండే పాకిస్తాన్ ట్యాంకు టైప్ 59తో పొరబడకుండా మనవాళ్లు ఫిరంగి గొట్టం మధ్యలో తగిలించిన ఉత్తుత్తి ఫ్యూమ్ ఎక్స్‌ట్రాక్టర్ (గొట్టంలోని పొగని లాగే డబ్బా) కోసం ఎంత కష్టపడ్డానో, మట్టి కోసం కూడా అంత కష్టపడ్డాను. గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఆగిన ట్రాక్టర్ల మడ్‌గార్డులు ఫొటోలు తీసుకున్నాను. నల్లరేగడి తడిగా ఉంటే నల్లగా, ఎండితే బూడిద రంగుకి తిరుగుతుంది, అంచుల్లో పెళ్లలుగా లేస్తుంది. రా అంబర్‌లో తెలుపు కలుపుకుంటూ పోతే సరిగ్గా ఆ రంగు వచ్చింది, ఆ రోజు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు!

ట్యాంకుతో పాటు పెట్టే మనుషుల బొమ్మల ముఖాలకైతే ఇంకేదీ వాడను. నేను చేసే 1:35 స్కేల్‌లో మనిషి అయిదు సెంటీమీటర్లు, బుగ్గ కింద నీడ వెలుగులో కలిసిపోవాలంటే రంగు తడిగా ఉండాల్సిందే.

ఇబ్బందులు ఉన్నాయి. అంబర్లలో మాంగనీస్ ఉంటుంది కాబట్టి రెండు మూడు రోజుల్లో ఆరతాయి, తెలుపు కలిస్తే వారం ఆగాలి, అందాకా దుమ్ము పడకుండా డబ్బా బోర్లించాలి. కింద ఎనామిల్ రంగుంటే థిన్నర్ దాన్ని కూడా లేపేస్తుంది. ఒకసారి చక్రాల దగ్గర థిన్నర్ మడుగు కట్టేలా పోశాను, తెల్లారేసరికి రెండు ఇరుసులు పుటుక్కున విరిగి ఉన్నాయి. రంగు పడని, ఒత్తిడిలో ఉన్న ప్లాస్టిక్‌ని థిన్నర్ పెళుసు చేసేస్తుంది, కాబట్టి కుంచెని టిష్యూకి ఒత్తాకే పెట్టండి.

కొనేటప్పుడు స్టూడెంట్ రకం వద్దు, అందులో పొడి సరిగా నూరి ఉండక గరగరలాడుతుంది. డబ్బు తక్కువైతే ఆర్టిస్ట్ రకంలో రెండు అంబర్లు, తెలుపు తీసుకుని మొదలెట్టండి.