పీఎస్3లో పీఎస్2 ఆటలు: అప్‌స్కేలర్ ఆన్ మేలా, ఆఫ్ మేలా?

2007 మేలో 1.80 ఫర్మ్‌వేర్ (మెషిన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) వచ్చేదాకా పీఎస్3లో, అంటే సోనీ ప్లేస్టేషన్ 3 గేమ్ మెషిన్‌లో, దాని ముందు తరం పీఎస్2 డిస్క్ వేస్తే, బొమ్మ పాత కొలతలోనే టీవీకి వెళ్లేది. దాన్ని పెద్ద తెరకు సాగదీసే భారమంతా టీవీ మీదే. ఆ అప్‌డేట్ నుంచి ఆ పని 1080పి (1080 గీతల బొమ్మ) దాకా పీఎస్3 తనే చేయగలుగుతోంది. సెట్టింగ్స్‌లో అప్‌స్కేలర్ (బొమ్మను పెద్దది చేసేది), స్మూతింగ్ (అంచుల్ని మెత్తబరిచేది) అని రెండు ఆప్షన్లు ఉంటాయి. చాలామంది ఒకసారి పెట్టి మర్చిపోతారు. నేను మాత్రం ఆటను బట్టి మార్చుకోమంటాను.

ఎందుకంటే, పీఎస్2 ఆటల్లో చాలావాటి బొమ్మ 640×448 దగ్గర్లోనే ఉంటుంది, అదీ ఇంటర్‌లేస్డ్. ఒక విడతలో సరి గీతలు, మరో విడతలో బేసి గీతలు, విడతకు 224 మాత్రమే. అప్‌స్కేలర్ ఆఫ్‌లో ఉండి బొమ్మ ఇంటర్‌లేస్డ్‌గానే వెళ్తే, ఈ రెండింటినీ టీవీయే అతకాలి. కొన్ని టీవీలు శుభ్రంగా అతుకుతాయి. కొన్నిట్లో మనిషి పరిగెత్తగానే భుజాల అంచులు దువ్వెన పళ్లలా విడిపోతాయి. పైగా ఆ ప్రాసెసింగ్‌కు టైమ్ పడుతుంది కాబట్టి, బటన్ నొక్కాక దెబ్బ ఒక క్షణం లేటుగా పడినట్టుంటుంది. ఫైటింగ్ ఆటల్లో అది భరించలేం.

ఆన్ చేస్తే ఈ తలనొప్పి చాలావరకు తగ్గుతుంది, తెరకు సరిపడే బొమ్మే టీవీకి చేరుతుంది. కానీ లేని వివరం ఎక్కడి నుంచీ పుట్టదు. 448 గీతలతో 1080 గీతల తెర నిండాలంటే ఒక్కో గీత సుమారు 2.41 రెట్లు కావాలి, అది సమంగా పంచే లెక్క కాదు. ఆ హెచ్చుతగ్గుల్ని స్మూతింగ్ కప్పేస్తుంది. 3డి ఆటల్లో మెట్లు మెట్లుగా కనిపించే అంచులు మెత్తబడి కంటికి హాయిగా ఉంటాయి. అదే 2డి ఆటలో చుక్కచుక్కగా గీసిన ముఖాలు, చిన్న అక్షరాలు తడి చేత్తో రుద్దినట్టు అలుక్కుపోతాయి. అంత శ్రద్ధగా గీసిన బొమ్మల్ని అలా చూడాలంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

కాబట్టి ఎల్‌సీడీ టీవీ అయితే అప్‌స్కేలర్ ఆన్, 3డికి స్మూతింగ్ ఆన్, 2డికి ఆఫ్. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ ఉంటే రెండూ ఆఫ్ చేయండి. ఇంటర్‌లేస్డ్ బొమ్మకు అదే సొంతిల్లు.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ముందు మోడల్ చూసుకోండి. మొదట్లో వచ్చిన 20, 60 జీబీ మోడళ్లలో పీఎస్2 చిప్‌లే ఉన్నాయి. యూరప్ 60 జీబీలో మాత్రం పీఎస్2 ముఖ్య ప్రాసెసర్ అయిన ఎమోషన్ ఇంజిన్ తీసేసి, దాని పని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారు. అందుకే అన్ని ఆటలూ సరిగ్గా ఆడవు. 40 జీబీ మోడల్‌లో పీఎస్1 డిస్కులు ఆడతాయి గానీ, ఏ అప్‌డేట్ వేసినా పీఎస్2 డిస్క్ ఆడదు.