కాలవగట్టు మీది పశువుల మందుల కొట్టు: దున్నలు పెంచేవాళ్ళ కోసం

మాది వశిష్ఠ గోదావరి పక్కన లంక ఊరు. ఆరేళ్ళుగా నేనూ మా ఆయనా దున్నదూడల్ని కొని, పెంచి, మాంసం కోసం కోతకు అమ్ముతున్నాం. పాడి ఇళ్ళల్లో పెయ్య పుడితే సంబరం. దున్న పుడితే దాని వంతు పాలు కూడా క్యాన్‌లోకే పోతాయి. డొక్కలు ఎగరేసుకుంటూ ఉన్న అలాంటి దూడల్ని తెచ్చి నిలబెట్టడమే మా పని.

పాలవాళ్ళకి సలహా చెప్పేవాళ్ళు చాలామంది. దాణా బస్తా మీద కూడా పాల గురించే రాసి ఉంటుంది. మాంసానికి పెంచేవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడిన చోటు నాకు ఒక్కటే దొరికింది. అదే కాలవగట్టు మీది ఈ కొట్టు. నడిపేది రిటైరైన పశువుల కాంపౌండరు గారు. అందరం బాబాయిగారూ అంటాం. నాలుగేళ్ళుగా మందులన్నీ అక్కడే కొంటున్నాను.

మొదటిసారి వెళ్ళి “ఏలికపాముల మందు ఇవ్వండి బాబాయిగారూ” అన్నాను. “ఎన్నాళ్ళ దూడమ్మా? బరువెంత?” అన్నారు. అంతకుముందు కొన్న చోట ఆ మాట ఎవరూ అడగలేదు, సీసా చేతిలో పెట్టేవారు. ఏలికపాములు తల్లి పాలల్లోంచే దూడకి వస్తాయని, అందుకే పది రోజుల వయసులోనే పైపరజిన్ పట్టాలని, తర్వాత ఆరు నెలలు వచ్చేదాకా నెలకోసారి పట్టాలని ఆయన చెప్పాకే తెలిసింది. ముందు రెండేళ్ళలో నాలుగు దూడలు పోయాయి నాకు. తెల్లగా, కంపు కొడుతూ పారేవి. దిష్టి తగిలిందనుకున్నాను. ఇప్పటికీ ఆ నాలుగూ గుర్తొస్తాయి.

ముర్రుపాల సంగతి కూడా ఆయనే గట్టిగా చెప్పారు. పుట్టిన గంట, రెండు గంటల్లోపే తాగించాలి, రోజు మొత్తం మీద దూడ బరువులో పదోవంతు పడాలి. ముప్పై కేజీల దూడకి మూడు లీటర్లు. అందుకని ఇప్పుడు నేను గేదె ఈనకముందే ఆ ఇంటికి వెళ్ళి, దున్న పుడితే నేనే కొంటాను, మొదటి రోజు పాలు మాత్రం తాగనివ్వండని బతిమాలుకుని వస్తున్నాను.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది టేపు. మామూలు దర్జీ టేపే. ముందుకాళ్ళ వెనక నుంచి ఛాతీ చుట్టూ ఎన్ని అంగుళాలో చూడాలి. భుజం మొన నుంచి తోక పక్కన ఎముక దాకా పొడవు చూడాలి. చుట్టుకొలతని చుట్టుకొలతతోనే హెచ్చించి, దాన్ని పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే దగ్గర దగ్గరగా కేజీలు వస్తాయి. పొద్దున్నే, మేతా నీళ్ళూ పెట్టకముందు కొలవాలి. నిరుడు ఒక దున్నని బేరగాడు చేత్తో తడిమి “270 ఉంటుందమ్మా, అంతకి మించదు” అన్నాడు. నా టేపు లెక్కలో 64 అంగుళాల చుట్టు, 52 పొడవు, అంటే దాదాపు 323 కేజీలు. బేరం ఆపి రైసుమిల్లు కాటాకి తోలుకెళ్ళాం. 320 తూగింది. ఆ యాభై కేజీల డబ్బు అంతకుముందు ఎన్నిసార్లు వదులుకున్నామో!

మన డెల్టాలో గట్టు గడ్డి, బోదె గడ్డి మేపేవాళ్ళకి కార్జపు జలగల (కార్జంలో చేరే జలగల్లాంటి పురుగులు) బాధ తప్పదు. నీటి అంచున నత్తలుంటాయి, వాటిలోంచి వచ్చిన పిల్లలు గడ్డికి అంటుకుంటాయి. పశువు చిక్కిపోతుంది, దవడ కింద నీటి సంచి దిగుతుంది. అది చూసి మందు అడిగితే బాబాయిగారు వెంటనే ఇవ్వరు. పేడ చిన్న డబ్బాలో పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళమంటారు, గుడ్లు కనబడ్డాక చీటీతో రమ్మంటారు. మొదట్లో నాకు కోపం వచ్చేది. ఆటో ఖర్చు, సగం రోజు పని. ఇప్పుడైతే అదే సరైన పద్ధతంటాను. కదల్లేని పశువైతే పశువుల అంబులెన్సు 1962కి ఫోన్ చేయమని నంబరు గోడ మీద పెద్దక్షరాలతో రాశారు. టీకాలు ఆయన అమ్మరు. గొంతువాపు టీకా వానలకి ముందే వేయించమని మే నెలలో కనబడ్డవాళ్ళందరికీ చెబుతారు.

ఇంకో మంచి అలవాటుంది. కోతకు పెంచే పశువని తెలిస్తే, మందు పేరూ తేదీ మన నోటుబుక్కులో రాసి, ఎన్నాళ్ళదాకా కోతకు ఇవ్వకూడదో పక్కన వేస్తారు. పాములు, గోమార్లు పోవడానికి వేసే ఐవర్‌మెక్టిన్ సూదికి 35 రోజులు వేశారు. తినేది మన పిల్లలే కదమ్మా అన్నారు. నొప్పికి డైక్లోఫెనాక్ అడిగినవాళ్ళని నా ముందే తిప్పి పంపారు. పశువులకి అది 2006లోనే ఆపేశారు, ఆ మందు పడి చచ్చిన పశువుని తిని రాబందులు పోతున్నాయని.

దాళ్వా (రెండో పంట) వరిగడ్డి మేటు వేశాక యూరియాతో మాగబెట్టడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. వంద కేజీల గడ్డికి నాలుగు కేజీల యూరియా, యాభై లీటర్ల నీళ్ళు, గాలి చొరకుండా 21 రోజులు. ఆరు నెలల లోపు దూడలకి పెట్టకూడదు. దాంతోపాటు పిల్లిపెసర, కొంచెం తవుడు పడితే ఒళ్ళు చక్కగా వస్తుంది.

లోటు లేకపోలేదు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగుదాకా మూసేస్తారు, అర్జెంటంటే మనకి దిక్కులేదు. ఖనిజ లవణాల పొడి సార్వా ఊడ్పుల టైముకి అయిపోతుంది, ముందే తెచ్చుకోవాలి. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది అరువు. పాలవాళ్ళకి పదిహేను రోజులకోసారి డబ్బు వస్తుంది కాబట్టి వాళ్ళకే ఖాతా రాస్తారు. మాకు పశువు అమ్ముడైతేనే డబ్బు, ఏడాదికి ఒకటో రెండో సార్లు. ఈ మాట ఆయనకే చెప్పాను, ఆలోచిస్తానన్నారు. ఇంకా తేల్చలేదు.

వెళ్ళేవాళ్ళు పొద్దున్న ఏడింటికే వెళ్ళండి, అప్పుడు రద్దీ ఉండదు, తీరిగ్గా మాట్లాడతారు. దూడ వయసు, టేపు కొలతలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. పశువు చెవికి వేసిన పోగు మీద పన్నెండు అంకెల నంబరుంటే అదీ రాసుకోండి.