పాత సర్వర్ దిగిపోతే ఎక్కడికి: గిట్‌హబ్ పేజెస్ మేలా, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ మేలా?

ఓపెన్ సోర్స్ ప్రోగ్రామింగ్ భాషల్లో చాలావాటికి హోమ్‌పేజీ, డాక్యుమెంటేషన్, ఇన్‌స్టాలర్లు, గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే వ్యవస్థ) అన్నీ ఒకే పాత సర్వర్‌లో ఉంటూ వచ్చాయి. 2021 మార్చిలో పీహెచ్‌పీ సొంత గిట్ సర్వర్‌లోకి రెండు దొంగ కమిట్లు (కోడ్ మార్పులు) దూరాక, ఆ ప్రాజెక్టు గిట్‌హబ్‌కు మారిపోయింది. తీరిక వేళల్లో పనిచేసే వాలంటీర్లకు సర్వర్ కాపలా తలకు మించిన పని. ప్యాకేజీ ఇండెక్స్ లాంటి డైనమిక్ పనులుంటే (అడిగినప్పుడల్లా జవాబు తయారుచేయాల్సినవి) వాటికి మాత్రమే సర్వర్ ఉంచుకోండి. ముందే తయారైన మిగతా పేజీలను మీ బదులు హోస్ట్ చేసే సేవలే గిట్‌హబ్ పేజెస్, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్.

గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టడం తేలిక. సైటు 1 జీబీ లోపు ఉండాలి, నెలకు 100 జీబీ బ్యాండ్‌విడ్త్ దాటకుండా చూసుకోవాలి. చిక్కల్లా పాత లింకుల దగ్గరే. ఇది 301 రీడైరెక్టులు (పేజీ శాశ్వతంగా కొత్త చిరునామాకు మారిందని సర్వర్ చెప్పే జవాబులు) రాసుకోనివ్వదు. పాత చిరునామాలో మెటా రిఫ్రెష్ (బ్రౌజర్‌ను కొత్త పేజీకి పంపే హెచ్‌టీఎంఎల్ ట్యాగ్) ఉన్న పేజీ పెట్టాలి. బ్రౌజర్‌కు అది సరిపోతుంది, కమాండ్ లైన్‌లో ఫైళ్లు తెచ్చే కర్ల్‌కు సరిపోదు. పాత ట్యుటోరియల్ చూసి ఇన్‌స్టాల్ స్క్రిప్టును కర్ల్‌తో తెచ్చి నేరుగా షెల్‌కు (కమాండ్లు నడిపే ప్రోగ్రామ్‌కు) పైప్ చేసినవాళ్లకు స్క్రిప్టు బదులు హెచ్‌టీఎంఎల్ వస్తుంది, షెల్ సింటాక్స్ ఎర్రర్ అంటుంది. ఆ మాటకొస్తే 301 ఇచ్చినా, కమాండ్‌లో ఎల్ (-L) ఆప్షన్ లేకపోతే కర్ల్ దాన్ని అనుసరించదు. అందుకే హోస్టింగ్ ఏదైనా, ఇన్‌స్టాల్ స్క్రిప్టు పాత చిరునామాలోనే 200తో (సరిగ్గా దొరికిందనే సర్వర్ జవాబుతో) దొరకాలి. గిట్‌హబ్ పేజెస్‌లో హెడర్లు (పేజీతో పాటు సర్వర్ పంపే సూచనలు) మార్చుకునే వీలూ లేదు. బ్రౌజర్‌లోనే కోడ్ నడిపి చూసే వాసమ్ (వెబ్ అసెంబ్లీ) ప్లేగ్రౌండ్‌లో థ్రెడ్లు వాడుతుంటే, పేజీని మిగతా సైట్ల నుంచి వేరుచేసే ఐసొలేషన్ హెడర్లు తప్పనిసరి, అప్పుడిది పనికిరాదు.

క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లో రీడైరెక్టులకో ఫైలు, హెడర్లకో ఫైలు ఉంటాయి. మామూలు రీడైరెక్టులు 2,000, వైల్డ్‌కార్డువి (ఒకే నమూనాతో చాలా చిరునామాలను పట్టేవి) 100 వరకు రాయొచ్చు. ఉచిత ప్లాన్‌లో 20,000 ఫైళ్లే, ఒక్కో ఫైలు 25 ఎంఐబీ మించకూడదు. వెర్షన్‌కు 1,500 పేజీల డాక్స్ ఉంటే 14 వెర్షన్లకే 21,000 అవుతాయి, డిప్లాయ్ ఆగిపోతుంది. పాత వెర్షన్లను ఇంకో ప్రాజెక్టుగా విడగొట్టుకోవాలి. పైగా సబ్‌డొమైన్ కాకుండా అసలు డొమైన్‌నే తగిలించాలంటే నేమ్‌సర్వర్లు (డొమైన్ రికార్డులను చూపే సర్వర్లు) క్లౌడ్‌ఫ్లేర్‌కు మార్చాలి. ఆ హడావిడిలో మెయిల్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ రికార్డులు మర్చిపోతే మెయిల్ ఆగిపోతుంది, వెంటనే ఎవరూ గమనించరు కూడా.

ఇన్‌స్టాలర్లను రెండింటిలోనూ పెట్టొద్దు. వెర్షన్ల ఫైళ్లను డౌన్‌లోడ్‌కు ఉంచే గిట్‌హబ్ రిలీజెస్‌లో ఒక్కో ఫైలు 2 జీఐబీ లోపుంటే చాలు, బ్యాండ్‌విడ్త్ లెక్క లేదు.

పదేళ్ల లింకులున్న భాషకు క్లౌడ్‌ఫ్లేరే మేలు. కొత్త భాషకు గిట్‌హబ్ పేజెస్ చాలు.

మార్చే ముందురోజు డీఎన్‌ఎస్ టీటీఎల్‌ను (పాత చిరునామాను ఇతర సర్వర్లు గుర్తుంచుకునే గడువును) 300 సెకన్లకు దించండి. గిట్‌హబ్‌కైతే, డొమైన్‌లో సీఏఏ రికార్డు (సర్టిఫికెట్లు ఎవరు ఇవ్వొచ్చో చెప్పేది) ఉంటే అందులో గిట్‌హబ్ వాడే సర్టిఫికెట్ సంస్థ లెట్స్ ఎన్‌క్రిప్ట్‌ను చేర్చండి, లేదంటే సర్టిఫికెట్ రాదు. పాత సైటు హెచ్‌ఎస్‌టీఎస్ (హెచ్‌టీటీపీఎస్‌తోనే తెరవాలని బ్రౌజర్‌కు చెప్పే హెడర్) పంపి ఉంటే, సర్టిఫికెట్ వచ్చేదాకా పాత సందర్శకుల బ్రౌజర్లు హెచ్చరిక దాటి లోపలికి పోనివ్వవు. వీటన్నిటికన్నా ముందు, ఏడాది యాక్సెస్ లాగ్‌లోంచి 200 వచ్చిన చిరునామాలన్నీ తీసి, కొత్త హోస్ట్ ప్రివ్యూ మీద ఒక్కొక్కటీ కర్ల్‌తో పరీక్షించండి. 404 (పేజీ దొరకలేదు) వచ్చిన ప్రతిదానికీ ఒక రీడైరెక్టు రాయాల్సిందే.