టేబుల్ దగ్గరికి ఎవరూ రారు: ఇంగ్లండు పబ్బులో తాగుడు, తిండి, బిల్లు

ఇంగ్లండులో పిల్లల దగ్గరికి వచ్చిన మనవాళ్ళు పబ్బు గురించి చెప్పే ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే. "అరగంట కూచున్నాం, ఏం కావాలని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. తెల్లవాళ్ళనైతే ఇలా కూచోబెడతారా?" తెల్లవాళ్ళనూ అలాగే కూచోబెడతారు. పబ్బులో టేబుల్ దగ్గరికి ఎవరూ రారు. మనమే లేచి కౌంటరు దగ్గరికి వెళ్ళాలి, అక్కడే డబ్బు కట్టాలి, గ్లాసులు మనమే మోసుకొచ్చుకోవాలి. ఇందులో అవమానమేం లేదు. మనకు నిజంగా బొక్క పడేది ఇంకోచోట.

లండన్లో, థేమ్స్ ఒడ్డున, టూరిస్టులు గుంపులుగా తిరిగే వీధిలో ఒక పబ్బు. పేరెందుకుగానీ, బయట నల్లబోర్డు మీద "సంప్రదాయ ఇంగ్లిష్ పబ్" అని సుద్దముక్కతో రాసి పెట్టుకున్నారంటేనే అనుమానించాల్సింది. నిజంగా పాతదైతే ఆ ముక్క రాసుకోదు. బిల్లు ఇదీ: రెండు పైంట్లు, ఒక్కోటి 7.20 పౌండ్లు, చికెన్ పై 19.50, ఫిష్ అండ్ చిప్స్ 18.95. కలిపి 52.85. దాని మీద 12.5 శాతం సర్వీసు చార్జి 6.61. వెరసి 59.46 పౌండ్లు, మన లెక్కలో దాదాపు ఏడు వేలు. కౌంటరు దగ్గర నిలబడింది మేము, గ్లాసులు మోసింది మేము, సర్వీసు ఎవరు చేసినట్టు?

ఇక ఆ చికెన్ పై (pie) సంగతి ఇంకా ఘోరం. పై అంటే కిందా, చుట్టూ, పైనా పిండితో మూసి, లోపల కూర పెట్టి కాల్చేది. కత్తితో కోస్తే ముక్కగా నిలబడాలి. ఇక్కడ వచ్చింది పింగాణీ గిన్నెలో పల్చటి కూర, దాని మీద మూతలాగా పొరల పిండి ముక్క. మా బాబాయి ఆ మూత ఎత్తి చూసి, "బేకరీలో పఫ్ ఇరవై రూపాయలు, దీని కింద కాస్త పులుసు పోసి రెండు వేలు లాగారు" అన్నాడు. రైలెక్కేదాకా ఇంకో మాట లేదు. కాబట్టి మీరు పై చెప్పేముందు "ఇది మొత్తం పిండితో మూసిందా, మీద మూతేనా?" అని అడగండి. మంచి పబ్బులో వాళ్ళే గర్వంగా చెబుతారు. నీళ్ళు నమిలారంటే ఇంకోటి చెప్పుకోవాలి.

సర్వీసు చార్జి పక్కన చిన్న అక్షరాల్లో "డిస్క్రెషనరీ" అని ఉంటుంది. మీ ఇష్టం అని దానర్థం. కార్డు పెట్టకముందే "అది తీసేయండి" అంటే తీసేస్తారు, గొడవేం ఉండదు. ఆ డబ్బు ఓనరు మింగడానికి వీల్లేదు; 2024 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం మొత్తం పనివాళ్ళకే పోవాలి. అయినా కౌంటరు దగ్గర తీసుకున్న పైంటుకు టిప్పు ఇచ్చే ఆనవాయితీ పబ్బులో లేదు. వాళ్ళ పని నచ్చితే డబ్బు కట్టేటప్పుడు "అండ్ వన్ ఫర్ యువర్‌సెల్ఫ్" అనండి, ఒక డ్రింకు ఖరీదు వాళ్ళు తమకోసం కలుపుకుంటారు.

కౌంటరు దగ్గర వరస కనిపించదుగానీ ఉంటుంది. అందరూ కౌంటరు పొడవునా నిలబడతారు. ఎవరు ముందొచ్చారో కౌంటరు వెనక పోసేవాళ్ళు గుర్తుపెట్టుకుంటారు, మీరూ గుర్తుపెట్టుకోవాలి. మీ పక్కవాడు ముందొచ్చి ఉంటే "ఆయన ముందు" అని చెప్పడం మర్యాద. చిటికెలు వేయడం, నోటు ఊపడం, "హలో బాస్" అని కేకలేయడం చేశారో, మీ వంతు కావాలనే వెనక్కి పోతుంది. తిండి కూడా కావాలంటే ముందు టేబుల్ చూసుకుని, దాని మీద అంటించిన నంబరు చదువుకుని వెళ్ళండి, మొదట అడిగేది అదే. నలుగురు కలిసి వెళ్తే రౌండు పద్ధతి: ఒక్కొక్కరు ఒక్కోసారి అందరికీ కొనాలి. నాలుగు పైంట్లు తాగే ఓపిక లేకపోతే మొదటి రౌండుకు ముందే "నాది నేను కొనుక్కుంటా" అని చెప్పేయాలి. మూడు రౌండ్లు తాగి నాలుగోది తన వంతు వచ్చేసరికి లేచిపోయినవాడి గురించి చాలాకాలం చెప్పుకుంటారు.

ఇక బీరు. పైంటు అంటే 568 మిల్లీలీటర్లు, హాఫ్ అందులో సగం. లండన్ నడిబొడ్డున పైంటు ఆరేడు పౌండ్లు. ఊరు దాటి ఉత్తరానికి పోయేకొద్దీ తగ్గుతుంది. "ఇంగ్లండు బీరు వెచ్చగా ఉంటుంది" అని మనవాళ్ళు మొహం చిట్లిస్తారు. వెచ్చగా ఉండదు, నేలమాళిగ చల్లదనంలో ఉంటుంది, 11 నుంచి 13 డిగ్రీలు. పొడుగాటి పిడి పట్టుకుని చేత్తో లాగి పోస్తారే, అది కాస్క్ ఏల్. పీపాలో ఈస్టు ఇంకా బతికే ఉంటుంది, అక్కడే రెండోసారి పులుస్తుంది, బయటి నుంచి గ్యాసు ఎక్కించరు. అందుకే బుడగలు తక్కువ, రుచి ఎక్కువ. ఐసులా చల్లబరిస్తే ఆ రుచి చచ్చిపోతుంది. పక్కనే మెరిసే కొళాయిల్లోంచి వచ్చేది లాగర్, మనకు అలవాటైన చల్లటి బీరు అదే. బిట్టర్ అనే ఏల్ రకాల్లో ఆల్కహాలు నాలుగు శాతం అటూ ఇటూ. మన 650 మిల్లీల స్ట్రాంగ్ బీరు సీసాతో పోలిస్తే సగం పట్టు ఉంటుంది, అంతే. సాయంత్రమంతా కూచుని కబుర్లు చెప్పుకోడానికి చేసిన సరుకది.

బతికున్న సరుకు కాబట్టే చెడిపోతుంది. పొద్దున దింపిన కల్లు సాయంత్రానికి పులిసినట్టే, తెరిచిన కాస్క్ మూడు రోజులు దాటితే వెనిగర్ వాసన కొడుతుంది. దీనికో గుర్తు: ఎనిమిది పిడులు, నలుగురు మనుషులు ఉన్న పబ్బులో కాస్క్ ఏల్ జోలికి పోవద్దు, అక్కడ ఏ పీపా త్వరగా ఖాళీ కాదు. మూడు పిడులుండి గది నిండా జనం ఉంటే ధైర్యంగా తీసుకోండి. పిడి మీది బిళ్ళ వెనక్కి తిప్పి ఉంటే ఆ రకం అయిపోయిందని. "టేస్ట్ చూడొచ్చా" అంటే చిన్న గ్లాసులో ఊరికే పోస్తారు. పుల్లగా ఉంటే ఒక గుటక తాగి వెంటనే వెనక్కి తీసుకెళ్ళండి, మాట్లాడకుండా మారుస్తారు. సగం తాగి వెళ్తే మార్చరు. నురగే సగం ఉంటే "టాప్ అప్ ప్లీజ్" అని నింపించుకోండి.

శాకాహారులకు ఒక మాట. కాస్క్ ఏల్ తేటగా రావడానికి చాలా బ్రూవరీలు ఐసింగ్లాస్ కలుపుతాయి, అది చేప గాలితిత్తి నుంచి తీసేది. పట్టింపు ఉంటే వీగన్ (జంతువుల నుంచి తీసినవేవీ లేనిది) అని రాసి ఉన్నది అడగండి. గిన్నిస్ అనే నల్ల బీరువాళ్ళు దాన్ని మానేసి కొన్నేళ్ళయింది.

విస్కీ తాగేవాళ్ళు మాత్రం నీరుగారిపోతారు. అక్కడి చట్టం ప్రకారం సింగిల్ అంటే 25 లేదా 35 మిల్లీలీటర్లే, ఏ పబ్బు ఏది ఎంచుకుంటే అది. మనకు 60 పెగ్గు అలవాటు. 25 పోసే చోట డబుల్ చెప్పినా 50తో సరి. కొలపాత్రతో చుక్క లెక్కన పోస్తారు, "కొంచెం చెయ్యి వదులన్నా" అనే బేరం అక్కడ నడవదు. మంచినీళ్ళు మాత్రం దండిగా అడగండి. మందు అమ్మే లైసెన్సు ఉన్న చోట అడిగితే కొళాయి నీళ్ళు ఊరికే ఇవ్వాలని ఇంగ్లండులో నిబంధన. "వాటర్" అని ఊరుకుంటే సీసా తెచ్చి బిల్లు వేస్తారు, "ట్యాప్ వాటర్" అనాలి.

స్టూడెంట్లు పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని తిరగక్కర్లేదు. తాగే వయసు 18 అయినా, పాతికేళ్ళ లోపు కనిపిస్తే కార్డు అడుగుతారు, మన డ్రైవింగ్ లైసెన్సు చూపిస్తే చాలాచోట్ల ఒప్పుకోరు. 34 పౌండ్లు కట్టి అక్కడి ప్రొవిజనల్ (లెర్నర్) లైసెన్సు తీసుకుంటే గోల వదులుతుంది. కారు తీసుకెళ్ళినవాళ్ళు తాగకపోవడమే మంచిది.

తిండి విషయంలో ఎక్కువమంది దెబ్బతినేది వేళ దగ్గర. పబ్బు రాత్రి పదకొండు దాకా తెరిచే ఉంటుంది, వంటగది అలా కాదు. చాలాచోట్ల మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండున్నర, మూడు. మళ్ళీ ఆరు నుంచి తొమ్మిది. మన అలవాటు ప్రకారం తొమ్మిదిన్నరకు భోజనానికి వెళ్తే దొరికేది చిప్స్ పొట్లాలు. ఆ పొట్లాల్లో పోర్క్ స్క్రాచింగ్స్ ఉంటాయి చూసుకోండి, కరకరలాడే పంది చర్మం; మందులోకి స్టఫ్‌గా బ్రహ్మాండం, తెలియక తింటే ఇంట్లో రభస. ఆదివారం మధ్యాహ్నం రోస్ట్ ఉంటుంది: కాల్చిన మాంసం, వేయించిన ఆలుగడ్డలు, కూరలు, యార్క్‌షైర్ పుడింగ్, గ్రేవీ. పద్దెనిమిది నుంచి పాతిక పౌండ్లు. ఒంటిగంటకు ముందే చేరుకోవాలి, నాలుగింటికి మిగిలేది ఎండిపోయిన ముక్కలు. బీఫ్ తినని వాళ్ళు చికెన్ రోస్ట్ చెప్పి ఊరుకుంటే చాలదు, చాలాచోట్ల గ్రేవీ అందరికీ ఒకటే, బీఫ్ ఎముకల రసంతో చేసింది. విడిగా అడగాలి. ఉత్తరాన, ముఖ్యంగా యార్క్‌షైర్‌లో, చిప్స్ కూడా బీఫ్ కొవ్వులో వేయించే చోట్లున్నాయి, "డ్రిప్పింగా, నూనెనా?" అని అడిగితే తప్పుగా అనుకోరు. యార్క్‌షైర్ పుడింగ్ పేరుకు పుడింగే గానీ తీపి కాదు, అందులో గుడ్డు ఉంటుంది. ఫిష్ అండ్ చిప్స్ చప్పగా ఉందని పక్కన పెట్టేసేవాళ్ళు టేబుల్ మీది మాల్ట్ వెనిగర్ సీసా ముట్టుకోరు. అది ధారగా పోసి ఉప్పు చల్లితే కథే వేరు.

లండన్లో చూడదగ్గ పబ్బులు చాలా ఉన్నాయి. లండన్ బ్రిడ్జి స్టేషన్ దగ్గర జార్జ్ ఇన్ 1677లో కట్టింది, వరండాల అంతస్తులతో మిగిలింది లండన్లో ఇదొక్కటే. మామూలు రోజు మధ్యాహ్నం వెళ్ళి ముంగిట్లో ఒక హాఫ్ తాగి రావాలి. హోబోర్న్‌లో ప్రిన్సెస్ లూయిస్ లోపల చెక్కిన అద్దాల అరలు, పూల టైల్స్ చూడటానికి వెళ్ళాలి. అది శామ్యూల్ స్మిత్ అనే బీరు కంపెనీ వాళ్ళది, వాళ్ళ పబ్బుల్లో పాటలు, టీవీ ఉండవు, ఫోన్లు కూడా తీయనివ్వరు. ఫొటోల పిచ్చి ఉన్నవాళ్ళను తీసుకెళ్ళకండి. కెన్సింగ్టన్‌లో చర్చిల్ ఆర్మ్స్ బయటంతా పూలకుండీలు, లోపల వడ్డించేది థాయ్ కూరలు. కారం లేనిదే ముద్ద దిగని పెద్దవాళ్ళు వెంట ఉంటే అదే నయం.

కానీ మా బాబాయి మళ్ళీ మాట్లాడింది లండన్లో కాదు, బర్మింగ్‌హామ్ పక్కన వెస్ట్ బ్రామిచ్‌లో. అక్కడ పంజాబీలు నడిపే పబ్బులున్నాయి, వాటిని దేశీ పబ్బులంటారు. ఫౌండ్రీల్లో పనికి వచ్చిన పంజాబీలను 1960లలో ఆ చుట్టుపక్కల పబ్బుల్లో మంచి గదిలోకి రానిచ్చేవారు కాదు. అరగంట కూచోబెట్టారన్న మన అనుమానానికి అసలైన కాలం అదీ. పక్కనే ఉన్న స్మెథిక్‌కు 1965 ఫిబ్రవరిలో అమెరికా నల్లవాళ్ళ నాయకుడు మాల్కమ్ ఎక్స్ ఈ వివక్షను చూడటానికి స్వయంగా వచ్చాడు. బహిరంగ స్థలాల్లో జాతి వివక్షను నిషేధిస్తూ రేస్ రిలేషన్స్ చట్టం వచ్చింది ఆ ఏడాదే. తర్వాత తర్వాత ఆ పంజాబీలే పబ్బులు తీసుకున్నారు. బార్, పిడులు, డార్ట్స్ బోర్డు అన్నీ ఇంగ్లిష్‌వే ఉంచి, వంటగదిలో బొగ్గుల పొయ్యి పెట్టారు. రెడ్ లయన్‌లో ఆ కథను రంగుటద్దాల కిటికీల్లో చూపించారు.

అక్కడ చెప్పుకోవాల్సింది మిక్స్‌డ్ గ్రిల్. ఇనప పెనం మీద సుర్రుమంటూ చికెన్ టిక్కా, సీక్ కబాబ్, లాంబ్ చాప్స్, చేప, కింద నల్లబడిన ఉల్లిపాయలు. పదిహేను నుంచి పాతిక పౌండ్ల పెనం ఇద్దరికి ధారాళంగా సరిపోతుంది. నలుగురు వెళ్ళి నాలుగు చెబితే రెండు పొట్లం కట్టించుకోవాలి. చాప్స్ ముందు తినేయండి, చల్లారితే కొవ్వు గడ్డకడుతుంది. నాన్ ఒకటి చెబితే చాలు, చిప్స్ చెప్పి కడుపు నింపుకోకండి. పచ్చి చట్నీ అడిగితే ఇంకా ఇస్తారు. పక్క టేబుల్లో ముసలి తెల్లాయన అదే పెనం ముందు చేత్తో చాప్ పట్టుకుని బిట్టర్ తాగుతుంటాడు. శుక్ర, శనివారాల సాయంత్రాలు కిటకిటలాడతాయి, టేబుల్‌కు ముందే ఫోన్ చేసుకోండి. ఆర్డరు మాత్రం ఇక్కడా కౌంటరు దగ్గరికి వెళ్ళే ఇవ్వాలి.