అనంతపురం కళాశాలలో నెట్‌వర్క్ భద్రత పనులు: తీగల వైపు మెచ్చుకోలు, వైఫై వైపు అసంతృప్తి

అనంతపురం శివార్లలోని మా ఇంజినీరింగ్ కళాశాల నెట్‌వర్క్‌ను పటిష్ఠం చేసే పనిని గత వేసవి సెలవుల్లో ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించారు. ల్యాబ్‌ల బాధ్యత చూసే అధ్యాపకుడిగా ఆ పనితీరుపై ఈ సమీక్ష రాస్తున్నాను.

తీగల ద్వారా నడిచే నెట్‌వర్క్ విషయంలో వారి పని నిస్సందేహంగా మెచ్చుకోదగినది. ఒక ఐపీ చిరునామా ఏ యంత్రానిదో నెట్‌వర్క్‌లో అడిగి తెలుసుకునే 1982 నాటి ఏఆర్‌పీ ప్రోటోకాల్‌లో జవాబు ఎవరిచ్చారన్న తనిఖీయే లేదు కాబట్టి, ల్యాబ్‌లోని ఏ ల్యాప్‌టాప్ అయినా 'గేట్‌వేను (బయటి నెట్‌వర్క్‌కు దారిచ్చే పరికరాన్ని) నేనే' అని ప్రకటించుకుని పక్కవారి సమాచారాన్ని తన మీదుగా మళ్లించుకోవచ్చు. పని అప్పగించే రోజున వారి ఇంజినీరు మా ల్యాబ్‌లోనే కూర్చుని అలాంటి దొంగ జవాబులు పంపి చూపించారు. కంప్యూటర్లను తీగలతో కలిపే స్విచ్ వాటిని అక్కడికక్కడే తొక్కిపెట్టి, ఏ పోర్టు నుంచి వచ్చాయో లాగ్‌లో నమోదు చేసింది. హాస్టల్ గదుల్లో ఎవరో సొంత రౌటరు తగిలిస్తే అంతస్తు మొత్తానికి తప్పుడు ఐపీ చిరునామాలు అందే బెడద కూడా, అనుమతి ఉన్న సర్వర్ మాత్రమే చిరునామాలు పంచేలా చూసే డీహెచ్‌సీపీ స్నూపింగ్‌తో తీరింది. ఇందుకు పాత చవక స్విచ్‌లను మార్చక తప్పలేదు. ఆ ఖర్చు సమంజసమే. స్విచ్‌ల నిర్వహణకు పాస్‌వర్డ్‌ను బాహాటంగా పంపే టెల్‌నెట్‌ను తీసివేసి, దాన్ని రహస్య సంకేతరూపంలో పంపే ఎస్‌ఎస్‌హెచ్ పెట్టారు.

వైఫైలో అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఉండే పద్ధతిని రద్దు చేసి, లాగిన్‌లను సరిచూసే ఫ్రీరేడియస్ సర్వర్ ద్వారా ప్రతి విద్యార్థికీ విడి లాగిన్ ఇవ్వడం సరైన నిర్ణయం. అయితే హాస్టల్ నోటీసు బోర్డుపై వారు అంటించిన సూచనల కాగితంలో, ఫోన్‌లో, సర్వర్ అసలైనదేనని రుజువు చేసే సర్టిఫికెట్‌ను 'తనిఖీ చేయవద్దు' అనే ఎంపికను నొక్కమని ఉంది. ఇది నన్ను తీవ్రంగా కలవరపెట్టింది. అదే పేరుతో ఎవరైనా నకిలీ యాక్సెస్ పాయింట్ (వైఫై ప్రసారం చేసే పరికరం) పెడితే ఫోన్ దానినే నమ్మి లాగిన్ వివరాలు పంపుతుంది. పాస్‌వర్డ్‌ను సరిచూసేందుకు మా వద్ద వాడుతున్న ఎంఎస్‌చాప్‌వీ2 పద్ధతిలో అలా చిక్కిన సమాచారాన్ని ఛేదించవచ్చని 2012 డెఫ్‌కాన్ హ్యాకర్ల సదస్సులోనే చూపించారు. పరీక్షల పోర్టల్‌కూ అదే పాస్‌వర్డ్ కావడంతో ప్రమాదం వైఫైతో ఆగదు. ఈ సంగతి చెబితే, ఫోన్ల అమరిక ఒప్పందంలో లేదన్నదే వారి సమాధానం.

తీగల నెట్‌వర్క్ వరకు ఈ సేవను ఇతర కళాశాలలకు ధైర్యంగా సూచిస్తాను. వైఫై పని కూడా ఇచ్చేవారు మాత్రం, సర్టిఫికెట్ తనిఖీతో సహా ఫోన్ల అమరికను టెండరులోనే రాయించి, చివరి విడత చెల్లింపును దానికి ముడిపెట్టాలి.